తగ్గిందండి

బందరు ఆసుపత్రిలో నాకు గుమాస్తా ఉద్యోగం దొరికింది నా దస్తూరీ పుణ్యాన. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని అందరూ అంటుంటే నేనూ తెగ మురిసిపోయేవాణ్ణి. ఆ ముత్యాలతో నేను రాసినదాన్ని తలుచుకుంటే ఈనాటికీ నా దస్తూరీ నాకే చూసుకోబుద్ధి కాదు.

రెండో యుద్ధానికి కొద్ది ఏళ్ళ ముందు మాట. మద్రాసు నుంచి మా ఆసుపత్రికి ఒక డాక్టరుగారు వచ్చారు. కొత్త మందుల్ని రోగులకిచ్చి, అవి పనిచేస్తున్నాయో లేదో వారం వారం రాయించి తేల్చడం ఆయన పని. ఒక ఏడు మలేరియా, మరో ఏడు గజ్జి అయ్యాక, బోదకాలు జ్వరానికి ఒక ఇంజెక్షన్ తెచ్చారు. ప్రతి సోమవారం పులిగడ్డ దగ్గర పడవలో ఏరు దాటి మోపిదేవి సత్రానికి వెళ్ళేవాళ్ళం. దివిసీమ పల్లెల నుంచి పాతికమంది దాకా వచ్చేవారు. డాక్టరుగారికి తెలుగు రాదు. సూది ఆయన వేసేవారు, ప్రశ్నలు నేను వేసేవాణ్ణి.

మొదటిరోజే ఆయన నాకు మరీ మరీ చెప్పారు. "ఈ మందు కొందరికి కళ్ళ మీదికి తేవచ్చు. చూపు మసకేసిందని ఎవరైనా అంటే వెంటనే ఆపేయాలి. జ్వరం, వాపు, చూపు, మూడూ విడివిడిగా అడుగు."

రెండు వారాలు అలాగే అడిగాను. మూడో వారానికి విసుగొచ్చింది. పైగా దగ్గు పట్టుకుంది, తిరుగు పడవ తొందర ఒకటి. తల ఎత్తకుండా "ఎలా ఉంది?" అని ఒక్క ప్రశ్న వేయడం, "తగ్గిందండి" అనగానే జ్వరం తగ్గింది, వాపు తగ్గింది, చూపు మామూలే అని కాగితంలో మూడు గళ్ళూ నింపేయడం. ఒంట్లో ఎలా ఉందంటే మనవాళ్ళు చెప్పేది ఆ మాటేగా!

వచ్చేవాళ్ళలో సముద్రపు ఒడ్డు పల్లె ఆవిడ ఒకరు. మొగుడు లేడు. వలలు అల్లి కూతుర్ని పెంచుకుంటోంది. వలలో ఒక్క కన్ను కూడా వంకర పోనివ్వదని పేరు. ఆ మూడో సోమవారం నేను అడిగితే "కాస్త తగ్గిందండి" అంది. రాశాను. మరుసటి వారం "ఇంకా తగ్గిందండి" అంది. అదీ రాశాను. ఆ పైవారం "బాగా తగ్గిపోయిందండి" అంటుంటే గొంతు వణికింది. సంతోషమనుకున్నాను. డాక్టరుగారు నా కాగితం చూసి భుజం తట్టారు.

ఆరో సోమవారం ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. సత్రం మెట్టు కోసం కాలితో తడుముకుంటుంటే అప్పుడు తల ఎత్తాను.

"ఏమ్మా, ఏమైంది?"

"అదేంటి బాబుగారూ! చూపు తగ్గిందని వారం వారం మీకు చెప్తానే ఉన్నా గదండీ. మీరు రాసుకుంటున్నారు గదా, దానికీ మందు కలిపి పొడుస్తున్నారనుకున్నా."

డాక్టరుగారికి విషయం చెప్పాల్సి వచ్చింది. జబ్బు నయమైనా, చూపు పోతున్నా మేం తగ్గిందనే అంటామండీ అని వివరించాను. నా తప్పుకి సిగ్గులేకుండా తెలుగు భాషను అడ్డం పెట్టుకున్నాను. విడివిడిగా అడగమని ఆయన చెప్పింది ఇందుకే కదా. ఆయన ఆవిడ రెప్పలెత్తి చాలాసేపు చూసి, సూదులన్నీ పెట్టెలో సర్దేశారు. ఆ మందు మళ్ళీ ఎవరికీ వేయలేదు. మిగతావాళ్ళ కళ్ళకేం కాలేదు. ఆవిడ చూపు మాత్రం తిరిగి రాలేదు.

కొన్నాళ్ళకి మనసాగక ఆ పల్లెకు వెళ్ళాను. ఆవిడ వాకిట్లో కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ వల అల్లుతోంది. కన్నుకీ కన్నుకీ పొంతన లేదు. క్షమించమని అడగాలని దారి పొడుగునా అనుకున్నాను. తీరా ఎదురుగా నిలబడ్డాక, "ఎలా ఉన్నావమ్మా?" అని మాత్రం అనగలిగాను.

నా గొంతు పోల్చుకుని మొహం ఇటు తిప్పింది.

"గుమాస్తా బాబుగారా! అప్పుడు తెగ దగ్గేవారు, తగ్గిందా అండీ?"