మూడుసార్లు అడిగిన పెట్టె

ఆ రోజుల్లో కంప్యూటరు మనల్ని అడక్కుండా ఏ పనీ చేసేది కాదు. ఇప్పటి ఫోను చూడండి, మనం పడుకున్నాక ఎవరినీ అడక్కుండా తనంత తానే కొత్తదైపోయి, తెల్లారేసరికి మీటల చోట్లన్నీ మార్చేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. అప్పట్లో అలా కాదు. ఇంటర్నెట్టులో పేజీలు చూపించే బ్రౌజరుకి కొత్త మార్పులేవైనా వస్తే, తెర మధ్యకి ఒక చిన్న డబ్బా వచ్చి, "కొత్తది వచ్చింది, దించుకోమంటారా, తర్వాత చూద్దామంటారా?" అని ఇంగ్లీషులో ఎంతో వినయంగా అడిగేది. మనం ఏదో ఒకటి చెప్పేదాకా అక్కడే నిలబడేది. నాలాంటి వాళ్లం దాన్ని ఈగని తోలినట్టు తోలేసేవాళ్లం. మా మేనత్త మాత్రం దాన్ని ఒక్కసారి కూడా తోలలేదు. ఈ కథంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అప్పుడు నేను అమలాపురంలో ఒక కంప్యూటర్ల షాపులో రిపేర్లు చేస్తుండేవాణ్ణి. డిగ్రీ చేతికొచ్చింది గానీ మీసం ఇంకా సరిగా రాలేదు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే ప్రపంచంలో ఏ పెట్టెనైనా విప్పగలనని గట్టి నమ్మకం. (విప్పగలిగేవాణ్ణే. మళ్లీ బిగించాక ఎప్పుడూ రెండు స్క్రూలు మిగిలేవి.) మా అత్తయ్యది కొత్తపేట దగ్గర పల్లె. మావయ్య మస్కట్‌లో క్రేను నడిపేవారు. ఆయన విమానం ఎక్కేనాటికి అత్తయ్య కడుపుతో ఉంది. బుజ్జి పుట్టింది, బోర్లా పడింది, నడిచింది, పరిగెత్తింది, ఆయనకి మాత్రం కంపెనీ వాళ్లు సెలవు ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. కూతుర్ని కళ్లారా చూడలేదు. అందుకని సెలవు మీద వచ్చే స్నేహితుడి చేత ఒక డిజిటల్ కెమెరా పంపించారు. ఇక మా అత్తయ్య బుజ్జి అన్నం తింటే ఫొటో, తినకపోతే ఫొటో, పెరట్లో కోడిపిల్లని తరిమితే ఫొటో. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు కొద్దినెలలకే నిండిపోయి, ఇక నా వల్ల కాదని చేతులెత్తేసింది.

సరిగ్గా అప్పుడే మా వైపు పల్లెలకి టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండు వచ్చింది. నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. షాపులో మూలన పడేసిన రెండు కంప్యూటర్ల కళేబరాలు అడిగి తెచ్చుకుని, ఒకదాని అవయవాలు ఇంకోదానికి పెట్టి, రెండు హార్డుడిస్కులు బిగించి, ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోని ప్రోగ్రాము ఎక్కించి, ఇంటికే సొంతంగా ఒక స్టోరేజి సర్వరు, అంటే ఫొటోలు దాచే పెట్టె, తయారుచేశాను. దానికి తెరా లేదు, కీబోర్డూ లేదు. ఏం చెప్పాలన్నా పక్కగదిలో కంప్యూటరులో బ్రౌజరు తెరిచి చెప్పాలి. ఫొటోలన్నీ రెండు డిస్కుల్లోనూ ఒకేలా రాసుకుంటుంది. "ఒకటి పోయినా రెండోది ఉంటుంది అత్తయ్యా, ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు," అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

పెట్టె వేడెక్కుతుంది కాబట్టి చల్లటి చోటు కావాలి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది చెట్ల మీంచి దింపిన కాయలు రాశిపోసే కొబ్బరికాయల కొట్టు. అక్కడే ఒక బల్ల మీద పెట్టి, పక్కన టేబులు ఫ్యాను తిప్పాము. మస్కట్‌లో పనివాళ్లుండే క్యాంపులోని కంప్యూటరు ముందు కూర్చుని మావయ్య, ఇంటర్నెట్టులో అత్తయ్య ఇంటికి చిరునామాలాంటి అంకె కొడితే (కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ అంకె మారిపోయేది, అత్తయ్య ఫోను చేసి కొత్త అంకె చదివి వినిపించేది) బుజ్జి ఫొటోలు అక్కడ తెరుచుకునేవి. మొదట్లో నా పనితనం చూపిద్దామని ఆ పేజీ నిండా గంతులేసే అక్షరాలు పెట్టాను. ఆయన బ్రౌజరు పాతకాలపుది, అక్షరాలు ఫొటోల మీదకెక్కి గంతులేశాయట. "అల్లుడూ, నాకు పిల్ల కనబడితే చాలు, నీ డాన్సులు తీసెయ్యి," అన్నారు. తీసేశాను.

అసలు వింత అది కాదు. మావయ్య అక్కడ ఒక్కో ఫొటో తెరిచినప్పుడల్లా ఇక్కడ కొట్టులో పెట్టెకున్న ఆకుపచ్చ దీపం మిణుకుమనేది. ఆ సంగతి మొదట కనిపెట్టింది మావయ్యగారి అమ్మ, మేమంతా మామ్మగారనేవాళ్లం. ఆయన ఫొటోలు చూసే వేళకి ఆవిడ తల దువ్వుకుని, చీర చెంగు సర్దుకుని, కొబ్బరికాయల మధ్య పీట వేసుకుని ఆ దీపానికి ఎదురుగా కూర్చునేది. అది మిణుకుమంటే చాలు, "చూత్తన్నాడు, చూత్తన్నాడు," అనేది మెల్లగా. పెట్టెలోంచి మనం ఆయనకి కనిపించం మామ్మగారూ అని నేను శాస్త్రీయంగా వివరించబోయి, రెండో రోజుకి నేను కూడా పక్కన పీట వేసుకున్నాను. దాన్ని తయారుచేసినవాణ్ణి నేనే, ఏ తీగ ఎక్కడికి వెళుతుందో తెలిసినవాణ్ణి నేనే. అయినా ఎక్కడి మస్కట్, ఎక్కడి కొబ్బరికాయల కొట్టు, అక్కడ ఆయన వేలు కదిలితే ఇక్కడ దీపం వెలుగుతోందంటే ఒళ్లు జలదరించేది.

ఇక అత్తయ్య సంగతి. మా కోనసీమలో మర్యాదకి ఒక లెక్క ఉంది. ఎవరింటికైనా వెళ్లినప్పుడు భోంచెయ్యమని ఒకసారి అంటే మాటవరసకి అన్నట్టు. రెండోసారి అంటే నిజంగానే అన్నట్టు. మూడోసారి కూడా అన్నారంటే ఇక కాదనకూడదు, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చోవలసిందే. అత్తయ్య ఈ లెక్కలో ఆరితేరిన మనిషి. మా వైపు అవునండీ అనడానికి అనే "ఆయ్" ఎప్పుడూ ఆవిడ నోటి చివరే ఉండేది. బ్రౌజరు కొత్తది దించుకోమంటారా అని అడిగితే, అంత వినయంగా అడిగినదాన్ని తర్వాత రమ్మని ఎలా పంపిస్తాం అని అవుననే నొక్కేది. దాని వెంట చుట్టాల్లా ఇంకెవరెవరో వచ్చి మేమూ ఉండమంటారా అంటే వాళ్లకీ అవుననేది. అలా వచ్చిన టూల్‌బార్ పట్టీలన్నీ ఒకదాని కింద ఒకటి చేరి, తెరలో సగం వాటికే సరిపోయి, అసలు పేజీ అడుగున జానెడు చోటులో ఒదిగి కూర్చునేది. మావయ్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. వెనక ఒక వీసా ఏజెంటు మాట నమ్మి నానా అవస్థా పడిన మనిషి కాబట్టి, ఎవరు ఏమడిగినా ముందు వద్దు అనేవారు. ఆయన బ్రౌజరు అంత పాతదిగా ఎందుకుండిపోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

బుజ్జి అక్షరాభ్యాసానికి ముహూర్తం పెట్టారు. సెలవు దొరకదని తేలిపోయాక మావయ్య ఒకటే కోరారు. పిల్ల మొదటి అక్షరం దిద్దిన ఫొటో ఆ రోజే తనకి కనిపించాలి, దానికోసం మధ్యాహ్నం పని వదిలించుకుని కూర్చుంటానన్నారు. ఆ పొద్దున్న నేనూ మా నాన్నా మొదటి బస్సుకి వెళ్లాము. తండ్రి ఊళ్లో లేరు కాబట్టి బుజ్జిని ఒళ్లో కూర్చోబెట్టుకుని దిద్దించేది మేనమామ హోదాలో మా నాన్నే. గుమ్మంలోనే అత్తయ్య వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చింది.

"ఒరేయ్ నాన్నా, నీ పెట్టెకి ఎంత మర్యాద తెలుసురా. తెల్లారగట్ల కరెంటు పోయి వచ్చేక దానంతటదే లేచి, నేను బ్రౌజరు తెరవగానే, డిస్కులన్నీ శుభ్రంగా తుడిచి కొత్తగా సిద్ధం చెయ్యమంటారా అని అడిగింది. శుభమా అని పిల్ల అక్షరాభ్యాసం కదా, ఆయ్ అన్నాను. నిజంగానా అంది. ఆయ్ అన్నాను. మళ్లీ అడిగిందిరా, మూడోసారి కూడా. ఈ రోజుల్లో మనవాళ్లే అలా అడగటం మానేసేరు."

నేను కొట్టులోకి పరిగెత్తి, అక్కణ్ణుంచి కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి, చూసి, మళ్లీ కొట్టులోకి వచ్చి కొబ్బరికాయల రాశి మీద కూలబడ్డాను. కరెంటు పోయిన దెబ్బకి పెట్టె తన సంగతంతా మర్చిపోయి, అప్పుడే పుట్టినట్టు అనుకుని డిస్కులు తుడవమంటారా అని అడిగింది. తుడవమన్నారు, తుడిచింది. రెండు డిస్కుల్లోనూ ఒకేలా రాస్తుందని గొప్పలు చెప్పాను కదా, రెండిట్లోనూ ఒకేలా తుడిచింది. కెమెరాలో చోటు తక్కువ కాబట్టి పెట్టెలోకి ఎక్కించాక అందులోవి అత్తయ్య ఎప్పటికప్పుడు తీసేసేది. పాత కంప్యూటరులోవి పెట్టెలోకి మార్చాక నేనే చెరిపేశాను. అన్నం తింటున్న బుజ్జి, తిననని మారాం చేస్తున్న బుజ్జి, కోడిపిల్ల వెంట బుజ్జి, ఒక్కటి కూడా మిగల్లేదు. మావయ్య కూతుర్ని చూసిందే ఆ ఫొటోల్లో. విషయం మెల్లగా చెప్పాను. అత్తయ్య తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలియకే, "ఒకటి పోయినా రెండోది ఉంటుందన్నావు కదా నాన్నా," అంది. స్క్రూడ్రైవరు జేబులో ఉంది గానీ దాంతో విప్పాల్సిందేమీ లేదు.

ముహూర్తం ఎవరికోసమూ ఆగదు. పళ్లెంలో బియ్యం పోసి, మా నాన్న బుజ్జి వేలు పట్టుకుని ఓంకారం దిద్దించాడు. బుజ్జి సగంలో వేలు లాక్కుని గుప్పెడు బియ్యం నోట్లో పోసుకుంది. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూనే ఫొటోలు తీసింది. నేను పెట్టెని మళ్లీ దారిలో పెట్టి వాటిని ఎక్కించి, మారిన అంకె ఫోనులో మావయ్యకి చెప్పాను. పాతవి పోయిన సంగతి చెప్పడానికి నోరు రాలేదు. మామ్మగారు ఎప్పట్లాగే తల దువ్వుకుని పీట మీద కూర్చుంది. దీపం మిణుకుమంది. మళ్లీ మిణుకుమంది. కొద్దిసేపటికి ఆగిపోయింది. "ఏవిరా, అప్పుడే చూడ్డం అయిపోయిందా?" అని ఆవిడ అడుగుతుండగానే ఫోను మోగింది.

"అల్లుడూ, పిల్ల బాగా దిద్దింది. పాతవన్నీ ఏవి?" అన్నారు మావయ్య. చెప్పేశాను. తర్వాత అత్తయ్యకి ఫోను ఇమ్మన్నారు. అత్తయ్య, "మూడుసార్లు అడిగిందండీ," అని మాత్రం అనగలిగింది. ఆ తర్వాత ఆయనేదో చెబుతూ పోయారు, మాకు ఆవిడ అనే "ఆయ్" తప్ప ఏమీ వినిపించలేదు. మొదటి ఆయ్ ఏడుపులో వచ్చింది. చివరి ఆయ్ నవ్వులో వచ్చింది. ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, "అన్నీ ఆయన దగ్గరున్నాయంటరా. తెరిచినవి తెరిచినట్టు అక్కడ దాచుకున్నారంట. నీ పెట్టె మీద ఆయనకి మొదట్నుంచీ నమ్మకం లేదంట," అంది. ఎవరైనా నా పనితనం మీద నమ్మకం లేదంటే అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు.

కొన్నాళ్లకి మా పక్క ఐ.పోలవరానికి సెలవు మీద వచ్చిన స్నేహితుడి చేత ఒక పెన్‌డ్రైవు పంపించారు మావయ్య. కొట్టులో అందరం పీటలేసుకున్నాము. సముద్రం దాటి వెళ్లిన మా బుజ్జి మళ్లీ సముద్రం దాటి ఇంటికి వస్తుంటే ఆకుపచ్చ దీపం ఆగకుండా కొట్టుకుంది. అన్నీ వచ్చాక అత్తయ్య పక్కగదిలో ఒక్కొక్కటే తెరిచి చూస్తూ, ఇది మనం తీసింది కాదే అంది. నిజంగానే మేము పంపనివి అందులో ఉన్నాయి. బుజ్జి ఫొటో ఉన్న తెర చుట్టూ క్యాంపు వాళ్లంతా గుమికూడి నవ్వుతున్న ఫొటో. బుజ్జి పుట్టినరోజు నాడు ఆ తెర ముందు కేకు పెట్టి కోస్తున్న ఫొటో. అందరికన్నా చివర ఒకటి. తెర మీద మా నాన్న ఒళ్లో బుజ్జి ఓంకారం దిద్దుతోంది. ఆ తెర ముందు బల్ల మీద క్యాంపు వంటగదిలోని స్టీలు పళ్లెం, అందులో బియ్యం, ఆ బియ్యంలో క్రేను నడిపే మా మావయ్య వేలు. ఆయన కూడా సగం ఓంకారమే దిద్దారు, కూతురు ఎక్కడ ఆపేసిందో అక్కడికే.

మామ్మగారు తెర మీది ఆ ఫొటోని చేత్తో తడిమి కళ్లకద్దుకుంది. ఎన్నో తీగలు కలిపి నేను తయారుచేసిన యంత్రం చెయ్యగలిగిన గొప్ప పని ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. మావయ్య ఆ తర్వాతి ఏడాది వచ్చేశారు, కొబ్బరి వ్యాపారంలో పడ్డారు. బుజ్జి ఇప్పుడు కాకినాడలో చదువుతోంది. పెట్టె ఇంకా ఆ కొట్టులోనే, కాయల వెనక ఎక్కడో ఉంది. నేను మాత్రం పెద్ద కంపెనీలో, పెద్ద పెద్ద సర్వర్ల మధ్య పనిచేస్తున్నాను. రెండు డిస్కులు బిగించి ఇక భయం లేదని చెప్పిన ఆ మీసం రాని కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తుంటాడు. మూడో డిస్కు మస్కట్‌లో ఉందని వాడికి తెలియదు పాపం. ఏదైనా చెరిపేయబోతుంటే యంత్రం నిజంగానా అని నన్ను అడుగుతుంది. రెండోసారి కూడా అడిగితే నా నోటికి ఆయ్ అనే వస్తుంది. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుని, వద్దని నొక్కి, ఎందుకు నవ్వుతున్నానో పక్కవాళ్లకి చెప్పలేక ఊరుకుంటాను.