రబ్బరు గోడౌను తాళంచెవి

మా పెదనాయన మునుసామికి ఓర్వలేనితనం ఎక్కువ. పెద్దమ్మ చేసిన సాంబారును ఎవరైనా మెచ్చుకున్నా మొహం మాడ్చుకునేవాడు. ఇక బావమరిది దురైసామికి సర్కారు గోడౌను తాళంచెవి ఇచ్చారంటే ఆయన కడుపు ఎంత మండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అది యుద్ధకాలం. మలయా జపాను చేతికి పోయి, విమానాల టైర్లకు రబ్బరు కరువైంది. దొరికిన రబ్బరునంతా సర్కారు కొని ముందుజాగ్రత్తగా దాచసాగింది. అట్లా సూలూరు దారిలో ఓ పాత గోడౌను నిండింది. దాన్ని చూసుకోవడానికి కోయంబత్తూరు మిల్లులో పత్తి గోడౌనులో పనిచేసే ఈ ఇద్దరిలో ఒకరిని పంపమని మిల్లును అడిగారు. సర్కారు దొర చిన్నవాడైన దురైసామిని ఎంచుకున్నాడు. మొలకు తాళంచెవి కట్టుకుని వాడు వీధిలో నడుస్తుంటే పెదనాయనకు అన్నం సయించేది కాదు.

దురైసామికి పత్తి తప్ప వేరే సరుకు తెలియదు. పెదనాయన పడుచుతనంలో కొండల అవతలి మలయాళ దేశపు రబ్బరు తోటల్లో పనిచేసి వచ్చినవాడు. అందుకే దురైసామి నేరుగా బావ ఇంటికొచ్చాడు.

“బావా, మూటలు పత్తి మాదిరే కప్పుదాకా పేర్చేదా?”

“అంతేరా. ఇరికిచ్చి పేర్చు. గాలి దూరకూడదు.”

పచ్చి అబద్ధం. రబ్బరును అంత ఎత్తుగా పేరిస్తే వేడికి, బరువుకి కింది మూటలు అతుక్కుపోతాయి. తక్కువ ఎత్తున పేర్చి, మధ్యలో సుద్దపొడి చల్లి, అప్పుడప్పుడూ కిందివి పైకి మార్చాలి. అదంతా తెలిసే చెప్పాడు మహానుభావుడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడట.

ఎండలు ముదిరాక దొర తనిఖీకొచ్చాడు. మూటలన్నీ ఒకటే ముద్ద. గడ్డపారలకు కూడా ఊడి రాలేదు. వాటిని విడదీయడానికి మిల్లునుంచి రప్పించిన మనుషుల్లో పెదనాయన కూడా ఉన్నాడు. ఎవడు చెప్తే ఇట్లా పేర్చావని దొర అరిచాడు. పెదనాయన గడ్డపార పట్టుకుని మూటల వెనక్కి జరిగాడు. దురైసామి నోరు విప్పితే ఆయన ఉద్యోగం పోయినట్టే.

“ఎవురూ చెప్పలేదు దొరా. ఎవుర్నీ అడక్కుండా నేనే చేస్తిని,” అన్నాడు దురైసామి. “గోడౌను సావి మా బావకియ్యండి. ఆయనకి రబ్బరు పని బాగా తెలుసు.”

తాళంచెవి పెదనాయన చేతికొచ్చింది. దురైసామి మళ్లీ పత్తి మూటల దగ్గరికి పోయాడు. బావతో ఎప్పటిలాగే మాట్లాడాడు. ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. పెదనాయన మాత్రం చచ్చేదాకా వాణ్ణి చూసి కుళ్లుకుంటూనే ఉన్నాడు.

“అంత మంచి మనసు కూడా వానికే ఇచ్చినాడే దేవుడు,” అని పెద్దమ్మ దగ్గర ఏడ్చేవాడట.