సైరన్ మోగగానే నిలబడవలెను

ఆ రోజుల్లో లోకంలోని అనర్థాలన్నింటికీ నాకు ఒక్కటే కారణం కనిపించేది: మనుషులు నిబంధనలు చదవకపోవడం. పెళ్లిభోజనంలో పప్పు అడుగంటినా, బస్సు ఆలస్యమైనా ఎవరో ఎక్కడో ఒక నిబంధన తప్పారని గట్టిగా నమ్మేవాణ్ణి. పాతికేళ్ల వయసులో ఇంత నిశ్చయం ఆరోగ్యానికి మంచిది కాదని హితవు చెప్పబోయిన పెద్దలు లేకపోలేదు. వారిని నేను వాక్యం పూర్తి చేయనిచ్చేవాణ్ణి కాదు. శ్రీరాంపూర్ వైపు ఒక ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో చిన్న ఇంజనీరుగా చేరిన కొద్ది రోజులకే తోటివాళ్లు నాకు 'రూళ్లకర్ర' అని పేరు పెట్టారు. (దాన్ని ప్రశంసగా స్వీకరించి చాలాకాలం సంతోషించాను.)

మా అధికారుల క్లబ్బుకు ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. పచ్చని తివాచీని ఊహించుకోవద్దు. గనిలోంచి తవ్విపోసిన మట్టిని చదును చేసి, తుమ్మచెట్ల నడుమ తొమ్మిది గుంతలు పెట్టారు. గుంత చుట్టూ నున్నని పచ్చిక ఉండవలసిన చోట, ఇసుకలో డంపర్ల పాత ఇంజన్ ఆయిల్ కలిపి గుండ్రంగా పరిచి రోలరు తిప్పేవారు. దాని మీద బంతి చక్కగా దొర్లేది. దాని మీద పొరపాటున కూర్చున్నవాడి ప్యాంటు మాత్రం ఆపైన ఏ సబ్బుకూ లొంగేది కాదు. ఏటా వానాకాలంలో కరీంనగర్ నుంచి ఒక క్లబ్బువారు పోటీకి వచ్చేవారు. జట్టుకు నలుగురు. నలుగురూ కొట్టి, మంచిచోట పడ్డ ఒక్క బంతిని ఎంచుకుని, అక్కడి నుంచి మళ్లీ నలుగురూ కొడతారు. తక్కువ దెబ్బలతో ముగించిన జట్టుకు కప్పు. చేతనైనవాడి బంతి చేతకానివాణ్ణి కూడా గుంత దాకా మోసుకుపోయే ఆట కనుక, అది నాకు ఎంతో న్యాయంగా తోచేది.

మా జట్టు నాయకుడు గని మేనేజరు. మేమంతా 'పెద్దసార్' అనేవాళ్లం. గనిలో నాకు తొలిపాఠం చెప్పినది ఆయనే. చేరిన కొత్తలో బ్లాస్టింగ్ సైరన్ మోగితే, నేను చేతిగడియారం చూసుకుంటూ 'ఇంకా వేళ కాలేదే' అని నిలబడ్డాను. ఆయన నా మెడపట్టి నేల మీద పడేశారు. పిడికిలంత రాయి ఒకటి మా మీదుగా ఈలవేసుకుంటూ పోయింది. "సైరన్ ఇన్నవా, సోంచాయించుడు లేదు. పడు! పడ్డంక సోంచాయించు. బతికుంటవ్ గదా, టైమ్ మస్తుంటది" అన్నారు. ఆ పాఠాన్ని నేను శిరసావహించాను. అటుపైన సైరన్ మోగితే అందరికంటే ముందు నేలను చేరేది నేనే.

అటువంటి పెద్దసార్ ఆ కప్పు కోసం ఏళ్ల తరబడి ఆడుతూ ఒక్కసారీ గెలవలేదు. ఆ నెలాఖరుకు ఆయన పదవీ విరమణ. అదే చివరి పోటీ. వారి సతీమణి (మాకు పెద్దమ్మ) ముందురోజే షోకేసు నడిమి అరలోంచి నిర్మల్ బొమ్మలు తీసేసి అద్దం తుడిచి పెట్టింది. "ఈసారన్న తెస్తడా మీ సారు? తేకుంటే గా జాగల నేనే కూసుంటా" అంది నాతో. "నిబంధనల పుస్తకం ఆసాంతం చదివాను పెద్దమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి" అని హామీ ఇచ్చాను. (పుస్తకం చదవడానికీ బంతి కొట్టడానికీ ఉన్న భేదం ఆమె ఎరుగదు. నేనూ ఎరుగను.)

పోటీనాడు తెల్లవారినప్పటి నుంచీ ముసురు. పిడుగులు పడే సూచన ఉంటే ఆట ఆపాలి. వానహోరులో అంత మైదానంలో ఈల ఎవరికి వినబడుతుంది? కనుక గనిలో చేతితో తిప్పే సైరన్‌ను క్లబ్బు వరండాకు తెప్పించాలని ప్రతిపాదించినవాణ్ణి నేనే. ఆదివారం గనిలో బ్లాస్టింగ్ ఉండదు, గందరగోళానికి తావు లేదని వాదించినవాణ్ణీ నేనే. అందరినీ వరుసలో నిలబెట్టి, "సైరన్ మోగగానే ఎక్కడివారక్కడ ఆట ఆపి, కదలక నిలబడవలెను" అని రెండుసార్లు చదివి వినిపించినవాణ్ణి కూడా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నేనే.

మూడో గుంత దగ్గర కరీంనగర్ జట్టులోని పళ్ల డాక్టరు బంతి కొడుతుంటే, ఆయన స్నేహితుడు వకీలుసాబ్ జాలిపడి గొడుగు పట్టాడు. కొట్టే క్షణంలో ఆటగాడికి మరొకరు గొడుగు పట్టరాదని పుస్తకంలో ఉంది. చెయ్యెత్తి "రెండు దెబ్బలు పెనాల్టీ" అన్నాను.

"ఏందీ, వానల తడవకుంటె జుర్మానానా?" అన్నాడు వకీలుసాబ్.

"నిబంధన సార్."

"జర మనిషి తీర్గ మాట్లాడు సారూ! నేనేమన్న బంతికి పట్టిన్నా గొడుగు?"

పెద్దసార్ నా చెవి దగ్గరికి వచ్చి, "పోనియ్యరాదయ్యా, మనింటికి వచ్చినోళ్లు" అన్నారు. పోనిస్తే అది నిబంధన ఎట్లా అవుతుంది? రెండు దెబ్బలూ వేయించాను.

చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి, ఆ రెండు దెబ్బల పుణ్యమా అని, ఇరుజట్లూ సమానం. కరీంనగర్‌వారు ముగించి పక్కన నిలబడ్డారు. మాలో ముగ్గురం కొట్టి తప్పాం. మిగిలింది పెద్దసార్ దెబ్బ ఒక్కటే. పడితే కప్పు మాది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఒకసారి ఆకాశం వైపు చూసి, మెల్లగా కొట్టారు. తెల్లని దుస్తుల్లో జెండాకర్ర పట్టుకుని గుంత పక్కన నిలబడ్డ నేను, నూనె ఇసుక మీద సన్నని నీటిగీత గీస్తూ బంతి తిన్నగా వస్తుండడం కళ్లారా చూశాను. పడుతోంది. సందేహం లేదు. సరిగ్గా అప్పుడు గోదావరి వైపు ఒక మెరుపు మెరిసింది. వరండాలో సైరన్ మోగింది.

ఆ తర్వాత జరిగినదానిలో నా బుద్ధికి ప్రమేయం లేదు. "పడుండ్రి!" అని అరిచి (అన్నేళ్లుగా నేను సాధన చేసిన శిష్టభాష కూడా ఆ క్షణంలో నన్ను విడిచిపెట్టింది), చేతులు చాచి బోర్లా పడ్డాను. రాళ్లేమీ రాలలేదు. కొంతసేపటికి కళ్లు తెరిచి చూస్తే, చుట్టూ బూట్లు. నా ఆదేశాన్ని అక్షరాలా పాటిస్తూ, గనివాళ్లూ కరీంనగర్‌వాళ్లూ అందరూ కదలక నిలబడి ఉన్నారు. నా పక్కటెముకల కింద మాత్రం గుండ్రంగా ఏదో గుచ్చుకుంటోంది.

మా జట్టులోని సర్వే ఆఫీసరు, చర్చి పాస్టరుగారి అల్లుడు, వంగి మెల్లగా అన్నాడు: "అన్నా, లేవకు. లేస్తే బంతి ఏడున్నదో అందరికి కనవడ్తది."

లేచాను. చొక్కా ముందుభాగమంతా నల్లగా నిగనిగలాడుతోంది.

"కదలక నిలవడుమని రెండుసార్లు సదివితివి. మరి గిదేంది సారూ, నువ్వే పండుకుంటివి?" అన్నాడు వకీలుసాబ్.

పళ్ల డాక్టరు గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "రూల్ సారూ, గొడుగుకు రెండంటివి. పొట్టకెన్ని?"

దొర్లుతున్న బంతిని సొంత జట్టువాడే ఆపితే ఏ శిక్షో అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "రెండే," అన్నాను, నాకే సరిగా వినబడనంత మెల్లగా.

నవ్వులు ఆగాక వకీలుసాబే ముందుకు వచ్చాడు. "అరె, పోనియ్యుండ్రి. ఖుషీకి ఆడే ఆటకు గింత పరేషానేంది? పెద్దసార్, మళ్ల కొట్టుండ్రి" అన్నాడు. నా జీవితంలో భూమి బద్దలై నన్ను మింగాలని కోరుకున్న క్షణాలలో అది మొదటిది. పెద్దసార్ ఒక్కక్షణం గుంత వైపు చూశారు. "లేదు వకీలుసాబ్. పొద్దుగాల మీకు ఏసినం. గిప్పుడు మాకు పడ్తది. కప్పు మీదే" అని చెయ్యి కలిపారు.

సాయంత్రం కప్పు ఇచ్చేటప్పుడు రెండు మాటలు మాట్లాడమంటే ఆయన అన్నారు: "వచ్చిన కొత్తపిల్లలందరికి ఒక్కటే చెప్పిన, సైరన్ ఇంటే పడుండ్రని. సగం మంది ఇననేలే. గీ పిల్లగాడు ఇన్నడు. కప్పుదేమున్నది." అందరూ చప్పట్లు కొట్టారు. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది. పెద్దసార్ వెంట వాళ్లింటికి వెళ్లాక పెద్దమ్మ నా చొక్కాను ఎగాదిగా చూసి "కప్పేది?" అంది. పెద్దసార్ జేబులోంచి నూనె మరకల బంతి తీసి ఖాళీ అరలో పెట్టారు. "దీని కోసమా నేను బొమ్మలు తీసింది!" అందామె. బొమ్మలు మళ్లీ ఆ అరకు రాలేదు.

నేనూ పదవీ విరమణ చేశాను. నిబంధనల కొత్త పుస్తకం చదివే అలవాటు మాత్రం పోలేదు. ఈమధ్య చదివితే, గుంత దగ్గర దొర్లే బంతి అనుకోకుండా తోటి ఆటగాడికి తగిలితే ఇప్పుడు శిక్షే లేదట. ఆ దెబ్బ లెక్కలోకి రాదు, మళ్లీ కొట్టవచ్చునట. పుస్తకం చంకన పెట్టుకుని కరీంనగర్ నుంచి, పెద్దసార్ స్థిరపడ్డ నస్పూర్‌కు బస్సెక్కాను. ఆయనకు తొంభై దాటాయి. విషయమంతా విని, "ఇన్నొద్దులకా!" అని నవ్వి, షోకేసు వైపు వేలు చూపారు. బంతి తీశాను. పెద్దమ్మ స్టీలు గ్లాసు ఇస్తే హాలు చివర పడుకోబెట్టి, పక్కన నిలబడ్డాను. బయట వాన. ఆయన చేతికర్ర తిప్పి పట్టుకుని కొట్టారు. బంతి గ్లాసును వదిలి సోఫా దారి పట్టింది. అంతలో వంటింట్లో కుక్కరు కూత పెట్టింది.

"పడకయ్యో!" అని అరిచారు పెద్దసార్.

మోకాలి మీద చెయ్యి వేసి, విడతలు విడతలుగా, నేను నేలకు దిగాను. బంతి నాకంటే నిదానంగా వస్తోంది కనుక సమయం సరిపోయింది. అది వచ్చి నా పక్కటెముకలకు తగిలి ఆగింది.

"సైరన్ మోగింది సార్. అనుకోకుండా తగిలింది. ఈ దెబ్బ లెక్కలోకి రాదు, మళ్లీ కొట్టండి."

"లే మరి."

"ఎవరైనా చెయ్యి అందించాలి సార్."

కావాలని అడ్డుపడినవాడికి రెండు దెబ్బల శిక్ష కొత్త పుస్తకంలోనూ అట్లాగే ఉంది. ఆ వాక్యం మాత్రం నేను ఆయనకు చదివి వినిపించలేదు.