అనసూయమ్మ టీచరు లెక్క చూడమన్న పది రోజులు

అనసూయమ్మ టీచరు ఇక లేరన్న కబురు నాకు మొదట తెచ్చింది పూలమ్మే ఓబులమ్మ. ఈ పొద్దున కూడా ఆమె దేవుడి పటాలకని మరువం నా చేతిలో పెట్టింది. ఆ తడి వాసన తగలగానే రెండేళ్ల కిందటి ఉదయం కళ్ల ముందుకు వచ్చింది. ఆ రోజు కూడా ఆమె బుట్టలో మరువమే. "టీచరమ్మ తెల్లారి లేవలేదంటమ్మా" అని, బుట్టయినా దించకుండా వాకిట్లో అట్లే నిలబడిపోయింది.

చిన్నప్పుడు జబ్బు చేసి నా కుడికాలు సన్నబడింది. నడవలేని పిల్లను నాయన బడికి పంపలేదు. ఉరవకొండలో మా పక్కింట్లో ఉండే అనసూయమ్మ గారు ప్రతి సాయంత్రం బడి వదిలాక మా ఇంటికే వచ్చి చదువు చెప్పేవారు. నాకు వచ్చిన అక్షరాలు, లెక్కలు, చివరికి నాకు అన్నం పెడుతున్న కుట్టుపనిలోని కొలతలు కూడా ఆమె పెట్టిన భిక్షే. దీపం వెలిగించినప్పుడల్లా ఆమెను నా ఇంటికి పంపినందుకు దేవుడికి దండం పెట్టుకుంటాను. భూగోళం చెప్పేటప్పుడు ఆమె వేలు ఆఫ్రికా దగ్గర ఆగిపోయేది. "ఈడ ఏనుగులు మందలు మందలుగా పోతాయంట. ఒక్కసారి చూసి రావాలమ్మే" అనేవారు. తమ్ముళ్లను చదివించడంలో సంవత్సరాలు గడిచిపోయాయి. రిటైరయ్యాక, కెన్యా అడవులు చూడబోయే ఒక గుంపులో పేరు రాయించుకున్నారు.

ఆ ప్రయాణపు ఏర్పాట్లన్నీ మా ఇంట్లోనే. అక్కడ అడవిలోకి తీసుకుపోయే చిన్న విమానంలో గట్టి పెట్టెలు పట్టవంటే, మెత్తటి కాన్వాసు సంచి కుట్టి ఇచ్చాను. టోపీ, మలేరియా మాత్రలు, దోమల మందు, బైనాక్యులర్‌కు దుమ్ము పట్టకుండా చుట్టే పాత పంచె ముక్క, అన్నీ అందులో సర్దేవారు, తీసేవారు, మళ్లీ సర్దేవారు. ప్యాంటు కుట్టడానికి నేను నీలం గుడ్డ తీస్తే చేయి అడ్డం పెట్టారు.

"నీలం వద్దమ్మే. ఆడ ఒక రకం ఈగ ఉండాదంట. నీలం, నలుపు చూస్తే మూగుతాదంట."

"తెలుపు?"

"దుమ్ములో ఒక పూట నిలుస్తాదా? మన చేని మట్టి రంగు తీయ్."

"చీరతోనే పోకూడదా టీచరమ్మా?"

"చీరతో జీపెక్కితే సింహాలు నగుతాయి."

అరవై దాటిన మనిషి మొదటిసారి ప్యాంటు వేసుకొని వాకిట్లోకి వస్తే ఓబులమ్మ నోరు తెరిచింది. "ఏమ్మా, ఈ వయసులో పోలీసుల్లో చేరినావా?"

"చేరినా. మూర తక్కువ కొలుస్తావని మొదట నిన్నే పట్టుకపోతా" అన్నారు టీచరమ్మ.

ఇక మిగిలింది ఎల్లో ఫీవర్ టీకా. అది లేనిదే పోనివ్వరు. మేము కనుక్కున్న బెంగళూరు ఆసుపత్రిలో దాన్ని గురువారాల్లోనే వేసేవారు. విమానం శనివారం. దానికి పదహారు రోజుల ముందు వచ్చే గురువారమే పోదామన్నారు టీచరమ్మ. పంచాంగం చూస్తే ఆ రోజు అమావాస్య. నా మనసు ఒప్పలేదు.

"అంత దూరపు పని అమావాస్యనాడు మొదలుపెట్టొద్దు టీచరమ్మా. మళ్లీ గురువారం పోదాం."

"నాకేం పట్టింపు లేదు. నీ మనసు కుదరకుంటే సరే. కానీ సూది వేసినాక పది దినాలు నిండాలంట. లెక్క చూసి చెప్పు."

వేళ్లు మడిచాను. గురువారం ఒకటి, శుక్రవారం రెండు... శనివారం పది. మా ఇళ్లలో పురుడైనా మైలైనా, జరిగిన రోజునే ఒకటిగా పడతాం. "సరిగ్గా సరిపోతాది" అన్నాను. "నేను నేర్పిన లెక్కే గదా" అని ఆమె మళ్లీ చూసుకోలేదు.

టీకా వేయించుకొని వచ్చాక, ఆసుపత్రిలో ఇచ్చిన పసుపు కార్డు ఫోటో చూసిన గుంపు నాయకుడు ఫోన్ చేశాడు. టీకా మరుసటి రోజు నుంచి లెక్కట. కార్డు చెల్లేది ఆదివారం నుంచి. ఒక్క రోజు తక్కువ. అందరి టికెట్లూ ఒకటిగా తీశారు కాబట్టి మార్చడం కుదరదన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి నా వేళ్ల వైపు చూశారు.

"పురుడు లెక్క పెట్టినావా?"

వేళ్లు కొంగులో దాచుకున్నాను.

"సూదికి పురుడేందే, పిచ్చిదానా" అని నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. ఆ తరవాత నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

విమానం ఎగిరిన ఆ శనివారం సాయంత్రం ఆమె మట్టిరంగు బట్టలు వేసుకొని, ఆటో పిలిపించి, నన్ను వజ్రకరూరు పక్క బీళ్లకు తీసుకుపోయారు. దూరంగా కృష్ణజింకలు మేస్తున్నాయి. బైనాక్యులర్ మొదట నాకే ఇచ్చారు. "ఊపిరి బిగబట్టు. కదిలితే పోతాయి." కొమ్ముల జింక ఒకటి తలెత్తి మా వైపే చూసింది. "వచ్చే ఏడు నిన్ను కూడా తీసుకపోతా. లెక్క మాత్రం నేనే పెడతా" అన్నారు. నాలుగు నెలలకే ఓబులమ్మ ఆ కబురు తెచ్చింది.

సంచిని ఆమె తమ్ముడు నాకే ఇచ్చాడు. అందులో ఆ పసుపు కార్డు ఇప్పటికీ ఉంది. ఆ ఆదివారం నుంచి ఆ మనిషి బతికున్నంత కాలం చెల్లుతుందని దాని మీద రాసి ఉంది. చేతికి వచ్చిన రోజు నేనది చదవనే లేదు. పంచాంగం ఇప్పటికీ చూస్తాను, దేవుడి మీద నాకు కోపం లేదు. తప్పు తిథిది కాదు, నా భయానిది. ఇప్పుడు మాత్రం దండం పెట్టే ముందు కాగితాన్ని చివరిదాకా చదువుతాను.

మీలో ఎవరైనా ఆ దేశానికి పోతే టీకా ముందుగానే వేయించుకోండి. మరుసటి రోజును ఒకటిగా పట్టండి. ఏనుగుల మంద దారి దాటుతుంటే అక్కడ జీపు ఆపేస్తారట. అది దాటేలోగా, మట్టిరంగు బట్టలు కుట్టించుకొని ఉరవకొండలోనే ఉండిపోయిన అనసూయమ్మ టీచరును ఒక్కసారి తలుచుకోండి.