రిపోర్టు రాకముందే కృతజ్ఞత

కృతజ్ఞతా కూడిక ఎప్పుడు పెడతారో మణుగూరులో మా సంఘం పిల్లల్ని అడిగినా చెబుతారు. మేలు జరిగాక పెడతారు. ఉద్యోగం వచ్చాక, కాన్పు సుఖంగా అయ్యాక, దవాఖానా నుంచి మనిషి నడుచుకుంటూ ఇంటికొచ్చాక. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారు, ఇంటివాళ్లు లేచి జరిగిన మేలు చెబుతారు, తర్వాత అందరికీ భోజనం. అలాంటిది, ఏ మేలూ జరగకముందే పెడతానని కూర్చుంది మా అత్తమ్మ.

అప్పటికి మా ఆయన గొంతు పక్కన లేచిన గడ్డలోంచి ముక్క తీయించి, ఖమ్మంలో పరీక్షకు ఇచ్చి వచ్చాం. క్యాన్సరో కాదో రిపోర్టు వస్తేగాని చెప్పలేమన్నారు. ఆయన బొగ్గు లారీ డ్రైవరు. అడవి దారిలో బండి ఆగిపోయి ఇల్లు చేరేసరికి పొద్దెక్కినా, దాన్నొక కథలా చెప్పి నవ్వించే మనిషి. ఖమ్మం నుంచి వచ్చిన దగ్గర్నుంచి మాట్లాడటమే మానేశాడు. అన్నం కలుపుతాడు, తినడు. నేనేమో ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని. మోగితే భయం, మోగకపోతే భయం.

ఆ రోజుల్లో నా ప్రార్థన ఒకటే. రిపోర్టు మంచిగా వస్తే కాలనీ అంతా చెప్పుకునేలా కూడిక పెడతాను ప్రభువా, అని. మా నాన్నది మధిరలో వ్యాపారం. బేరమాడటం నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది. అందుకే అత్తమ్మ మాట వినగానే ఒళ్లు మండిపోయింది. ఇస్తానన్నది ముందే ఇచ్చేస్తే, ఇక దేవుడి దగ్గర అడగడానికి నాకేం మిగులుతుంది?

"ఏంటత్తమ్మా ఇది? రేపు రిపోర్టు వేరేలా వస్తే నలుగురిలో తలెత్తుకోగలమా?" అన్నాను.

"రానీ బిడ్డా. నువ్వైతే జల్దీ కట్టెలు తెప్పియ్యి," అంది.

పాస్టరు గారు కూడా ఇరుకున పడ్డారు. "ఏ మేలు కోసమని చెప్పమంటావమ్మా?" అని గుమ్మంలోనే అడిగారు. ఈయనైనా ఆపుతారని నాకు లోలోపల సంతోషం. "నేనే చెప్త గదా అయ్యగారూ, మీరు కూసోండ్రి," అని ఆమె కుర్చీ లాగింది.

సాయంత్రానికి వాకిట్లో షామియానా లేచింది. సంఘం వాళ్లు వచ్చారు. అడవి పల్లె నుంచి అత్తమ్మ పుట్టింటివాళ్లు ఆటోలో దిగారు. వచ్చినవాళ్లంతా నన్ను పట్టుకుని, "రిపోర్టు మంచిగొచ్చిందా?" అని అడగడమే. ఇంకా రాలేదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పిపుట్టింది. అది విని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పాటలయ్యాక అత్తమ్మ లేచి, కొంగు తల మీదికి లాక్కుంది.

"నా కొడుక్కు ఏమైతదో నాకెరుకలేదు. మంచిగైతదని దేవుడు నాకు చెప్పిండని అబద్ధమాడ. వీని నాయన గనిల పాణం ఇడిచిన నాడు వీడు నా కడుపుల ఉండె. గప్పటి సంది గీ దినం దాక మమ్ముల దేవుడు ఇడువలే. గందుకే ఈ కూడిక. రేపొచ్చే కాగితం జూసి నేను ఆయన్ని నమ్ముడు షురూ జెయ్యలే."

అంతే చెప్పి కూర్చుంది. తర్వాత మా ఆయన లేచాడు. ఆమెన్ అని కూర్చుంటాడనుకున్నాను.

"నాకు భయమైతుంది," అన్నాడు. "పిల్లల మొహం జూస్తే ఇంకా భయమైతుంది. ఎవలకు చెప్పాల్నో తెల్వక నోరు మూసుకున్న."

చేతుల్లో మొహం దాచుకుని భోరుమన్నాడు. పాస్టరు గారు వచ్చి తల మీద చెయ్యి ఉంచారు. సంఘం పెద్దలు, మేనమామలు చుట్టూ చేరి భుజాల మీద చేతులు వేసి ప్రార్థించారు. అందరూ ఒక్కసారే ప్రార్థించడంతో ఏ మాటా విడిగా తెలియలేదు. తర్వాత మా ఆయన విస్తరి ముందు కూర్చుని, పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. నా కోపం అక్కడితో పోయింది. భయమని నోటితో అంటే విశ్వాసం లేనట్టవుతుందని మా ఇంట్లో అందరం ధైర్యం నటిస్తూ వచ్చాం. ఆయన ఒక్కడే ఆ బరువు మోస్తూ అన్నానికి దూరమయ్యాడు.

తర్వాత రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. హైదరాబాదులో వైద్యం జరుగుతోంది. నయమవుతుందో లేదో ఈ రోజుకీ డాక్టర్లు తేల్చి చెప్పలేదు.

ఆ ఫోను వచ్చిన పూట అత్తమ్మ వంటింట్లో కూలబడిపోయింది. "నా కొడుకా" అని గుండెలు బాదుకుంది. అంతమందిలో నిలబడి అంత మాట చెప్పిన మనిషి ఈమేనా అనిపించింది. లేపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"నాకు నోరు పెగుల్తలేదు బిడ్డా. నువ్వు చెయ్యి ప్రార్థన."

పైకి వినపడేలా ప్రార్థన చేయడం నాకు అలవాటు లేదు. ఆమె పక్కనే నేల మీద కూర్చుని, తల నా ఒళ్లో పెట్టుకున్నాను.

"ప్రభువా, ఆయన్ని మాకు బతికించు," అన్నాను. ఆ తర్వాత ఇంకేం అడగాలో తెలియలేదు. "బతికించకపోయినా నిన్ను వదిలి మేం ఎక్కడికీ పోం. ఎక్కడికి పోతాం?"

అత్తమ్మ ఏడుపు ఆపలేదు. ఏడుస్తూనే ఆమెన్ అంది.