పేపరు తరుగు

"పేపరుకి బొక్కలు పెడుతున్నది నువ్వేనా?"

1974లో అంబాజీపేట కొబ్బరి వ్యాపారి బంగారరాజు గారు పదేళ్ల సలోమిని అడిగిన ప్రశ్న ఇది. ఆయనా, సలోమి తండ్రి ప్రకాశరావు మేష్టారూ కలిసి ఒకే పేపరు వేయించుకునేవారు. చందా చెరిసగం. పొద్దున్న రాజుగారు కొట్లో కొబ్బరి ధర ఒక్కటీ చూసి మడిచేసేవారు. సాయంత్రం మేష్టారు లోకజ్ఞానం సంపాదించుకునేవారు. నెలాఖరుకి పాత పేపర్లు అమ్ముకునే హక్కు మాత్రం రాజుగారిది.

మేష్టారు చదివేశాక సలోమి బొమ్మల కథ కత్తిరించుకుని అట్టపెట్టెలో దాచుకునేది. రోజుకి మూడు బొమ్మలు. విమానం కూలి దీవిలో పడ్డ పైలటు, వెనకాల మొసళ్లు.

"చిల్లుల పేపరు పొట్లాలకి పనికిరాదని పాత పేపర్లు కొనేవాడు ముప్పావలా తగ్గించేడండి మేష్టారూ! ఊరందరికీ తరుగు తీసేవాణ్ణి, నాకే తరుగా?"

మేష్టారు బడిలో పిల్లల ఊహాశక్తి గురించి ఉపన్యాసాలిచ్చే మనిషి. ఇంట్లో దాని ఖరీదు ముప్పావలా అని తేలేసరికి, "ఆయ్, తప్పేనండి" అని కూతురి పెట్టె కాస్తా రాజుగారి చేతిలో పెట్టేరు. బాల్యం గురించి రాసేవాళ్లు ఇక్కడ పిల్లని ఏడిపిస్తారు. సలోమి ఏడవలేదు. కథ చివరి ముక్క అప్పటికే తన కీర్తనల పుస్తకంలో దాచేసుకుంది.

లారీలు రాని ఓ మధ్యాహ్నం రాజుగారు పెట్టె తెరిచేరు. మర్నాడు బడి దగ్గరికే వచ్చేరు.

"అమ్మాయ్, మొసలి కాలు పట్టుకుంది. తర్వాత?"

"పిల్లల బొమ్మలు కదండీ, మీకెందుకండీ?"

"నాక్కాదులే, మా గుమాస్తా అడుగుతున్నాడు. కాలుందా, పోయిందా?"

"పెట్టె ఇచ్చెయ్యాలండి. ముప్పావలా కూడానండి."

"నువ్వు మేష్టారి పిల్లవి కాదే, దళారీవి!"

పెట్టె తెచ్చిచ్చేరు. డబ్బులు రేపన్నారు. రైతులకి ఏళ్ల తరబడి చెబుతున్న రేపే అది. సలోమి నమ్మి ముక్క చూపించేసింది. కాలుంది, బూటే పోయింది.

"బూటేనా?" అన్నారు రాజుగారు, మోసపోయినట్టు మొహం పెట్టి.

బొమ్మల కథలు పిల్లలకి ఊహాశక్తి పెంచుతాయని పెద్దలు సెలవిస్తుంటారు. సలోమికి మాత్రం చేతికి డబ్బు రానిదే సరుకు చూపించకూడదని నేర్పేయి. పెద్దయ్యేక అమలాపురంలో ఓ బ్యాంకులో అప్పుల కాగితాలు చూసే ఉద్యోగంలో చేరింది. అట్టపెట్టె ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. 1987లో రాజుగారు తోట మీద అప్పు కోసం ఆమె బల్ల ముందే కూర్చోవలసి వచ్చింది.

"బూటు బాకీ గుర్తుందా అండీ?"

"ఎందుకుండదమ్మా! చిల్లర లేదు గానీ."

అప్పు మంజూరైంది. వాయిదాలన్నీ తప్పకుండా కట్టేరు. ముప్పావలా ఇంకా ఇవ్వలేదు.