తొణ్ణూరు డిగ్రీలు

లదాఖ్‌లో మా పోస్టుకు చేరింది జనవరి మొదటి వారం, మధ్యాహ్నం రెండు గంటలకు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. చలి మైనస్ ఇరవై రెండు. ట్రక్కు దిగి పది అడుగులు వేస్తేనే ఆయాసం. ఎదురుగా సరస్సు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గడ్డ కట్టి ఉంది. నాది తమిళనాడులో పుదూరు పక్క రేగడి నేల. వాన కోసం మెడలు నొప్పెట్టేలా పైకి చూసే ఊరు. అన్ని నీళ్ళు ఒక్కచోట చూడడం అదే మొదలు. తాగడానికి మాత్రం గొడ్డలి కావాలి.

పోస్టులో పదకొండు మందిమి. పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్, గఢ్వాల్ మనిషి, మెత్తనివాడు. నా పని రేడియో. రెండో రోజు కిరోసిన్ స్టవ్ వెలగక దాన్ని ఇంటి భాషలో తిడుతున్నాను. వెనక మా స్కౌట్, ముందు నడిచి దారి చూసే కుర్రాడు, నిలబడి నవ్వుతున్నాడు. "అన్నా, మీరు తిట్టేది మన మాటలోనే గదా?" అన్నాడు. వాడిది వెంబకోట్టై, మా వైపే. అమ్మ పటాకుల ఫ్యాక్టరీలో కూలి, చర్చికి పోయే ఇల్లు. ఊళ్ళో అయితే వాళ్ళు మా వసారా ఎక్కరు, మేం వాళ్ళింట నీళ్ళు ముట్టం. అక్కడ ఒకే మగ్గులో టీ తాగాం. ఊళ్ళో పాటించింది సిగ్గుపడాల్సిన సంగతే. అందుకే రాస్తున్నాను.

స్కౌట్‌కి చేపల పిచ్చి. చేతి బర్మాతో రెండున్నర అడుగుల మంచుకు కన్నం పెట్టి గాలం వేసేవాడు. మంచు కురిస్తే నిన్నటి కన్నం ఇవాళ కనబడదు. అందుకు జీపీఎస్. అరచేతిలో పట్టే పెట్టె. కన్నం దగ్గర నిలబడి బటన్ నొక్కితే ఆ చోటును గుర్తుంచుకుంటుంది. అలాంటివి రెండు ఉండేవి. ఒకటి బయటికి పోయేవాడికి, ఒకటి అవే గుర్తులతో నా రేడియో బల్ల మీద. బయటికి తీసుకెళ్ళేదాన్ని చొక్కా లోపల, ఛాతీకి ఆనించి పెట్టుకోవాలి. చలికి వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది.

ఆదివారాల్లో సుబేదార్ సాబ్ గంటసేపు వదిలేవాడు. కన్నం పోస్టుకు నేరుగా పడమర, పన్నెండు వందల మీటర్లు. పోస్టుకు దక్షిణంగా ఒక వాగు సరస్సులో కలుస్తుంది. అక్కడ మంచు ఎప్పుడూ పల్చనే. ఎర్ర జెండాలు పాతి ఉంచాం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. ఉదయం 11:10కి ఒక్కడే బయలుదేరాడు. తోడు వెళ్ళాల్సినవాడికి జ్వరం. ఆకాశం శుభ్రంగా ఉందని సుబేదార్ సాబ్ సరే అన్నాడు. 12:05కి గాలి లేచింది. 12:15కల్లా తలుపు ముందరి జెండా కర్ర కూడా కనబడలేదు. నేలా ఆకాశం ఒకటే తెలుపు.

12:20కి రేడియో పలికింది.

"అన్నా, జీపీఎస్ పెట్టి సచ్చిపోయినాది. గాలం యేస్తా మంచు మింద పెట్టేసినా. కంపాస్ ఉండాది. ఏ పక్క నడవాల?"

నా జీపీఎస్‌లో కన్నం 270 డిగ్రీల్లో ఉంది. తిరిగి రావాలంటే 90. రేడియోకి రెండు రూల్స్. బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి అక్షరం పోతుంది. అంకెలు ఇంగ్లీషులో విడివిడిగా చెప్పాలి, నైన్, జీరో అని. నిద్రలో లేపినా చెబుతాను. కానీ వాడి గొంతులో భయం ఉంది. నాకూ భయమేసింది. భయంలో ఇంటి మాటే వస్తుంది. మా ఇళ్ళల్లో మాట తెలుగు, లెక్క అరవం, ఎందుకంటే బడి అరవం. తొంభై అనే మాట నేను మొదట విన్నది ఆర్మీలోనే, నాకు ఈ అక్షరాలు నేర్పిన శ్రీకాకుళం నాయక్ దగ్గర. మాకు అది తొణ్ణూరు. నూరు మాత్రం రెండు భాషల్లోనూ నూరే.

బటన్ నొక్కుతూనే అనేశాను. "తొణ్ణూరు. కంపాస్ చూసుకొని నేరుగా రా."

"సరి అన్నా. నూరు."

నాకు నూరనే వినబడింది. వాడి మొదటి అక్షరాన్ని రేడియో మింగిందనుకున్నాను. మింగింది నాది. మళ్ళీ అడగడానికి మూడు సెకన్లు పడుతుంది. అడగలేదు. లాగ్ పుస్తకంలో 090 అని రాశాను.

పది డిగ్రీల తేడా. పన్నెండు వందల మీటర్లు నడిస్తే రెండు వందల మీటర్లు దక్షిణానికి.

12:48కి మళ్ళీ పలికాడు. "ఇంకా ఏమీ కనబడలా అన్నా. వస్తా ఉండా." ఆ తర్వాత ఏమీ లేదు. నాలుగింటి దాకా తాళ్ళు కట్టుకొని, ఈలలు ఊదుతూ వెతికాం. మర్నాడు 8:30కి వాగు కలిసే చోట దొరికాడు. మెళ్ళో కంపాస్ ఉంది. దాని డయల్ నూరు దగ్గర ఉంది. మంచు తగిలి తిరిగి ఉంటుందన్నాడు సుబేదార్ సాబ్. నేను నోరు మెదపలేదు.

విచారణ మూడు రోజులు జరిగింది. కారణం వాతావరణం అని తేల్చారు. బంకర్‌లో మా మాటలు విన్నవాళ్ళు ఉన్నారు, అర్థమైనవాళ్ళు ఒక్కరూ లేరు. లాగ్ సరిగ్గా ఉంది, కింద నా సంతకం ఉంది. నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ తర్వాత ప్రతిసారీ ఒక సెకను ఆగి మాట్లాడాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

మే నెలలో సెలవు మీద వచ్చాను. సాత్తూరులో రైలు దిగి, ఇంటికి పోకుండా వెంబకోట్టై బస్సెక్కాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. వాళ్ళమ్మ ఒంటిగంటకు ఫ్యాక్టరీ నుంచి అన్నానికి వచ్చింది. నాకు నీళ్ళిచ్చింది, తాగాను. ఎదురుగా నేల మీద కూర్చుంది.

"కడాసిగా మా వాడితో మాట్లాడింది ఎవురు నాయినా?"

"నేనేనమ్మా."

"ఇందీలోనా?"

"కాదు. మన మాటలోనే."

ఆమె కళ్ళు మూసుకుంది. "బిడ్డ ఏ ఊరుగాని ఊర్లోనో ఏమీ ఇనకుండా పోయినాడని రోజూ ఏడస్తా ఉంటి," అంది. "మన మాట ఇనే పోయినాడు. అది చాలు నాకు."

పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆమె చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుంది. "నీ నోరు సల్లగుండాల," అంది. పటాకుల్లో వేసే వెండి రంగు పొడి ఆమె వేళ్ళ గీతల్లోకి దిగిపోయి ఉంది, కడిగితే పోయేది కాదు. సరస్సు కలలోకి రాని రోజులున్నాయి. నా గడ్డం కింద మెరిసిన ఆ మూడు వేళ్ళు రాని రోజు లేదు.